అప్పు రేపు: టీకా తాత్పర్య సహితం

మూలం:
అప్పు రేపు

అవతారిక: సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో ఓ కిరాణా కొట్టు. గల్లాపెట్టె పైన, లక్ష్మీదేవి పటం పక్కన, రేకు మీద ఎర్రరంగుతో రాసి ఉంది ఈ మూలం. కర్త ఎవరో తెలియదు. మెదక్ సీమ కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు గానీ నెలాఖరున పనికొచ్చే ఈ రెండు మాటలను మాత్రం మనకు వదిలేశాడు.

ప్రతిపదార్థం: అప్పు = సరుకు ముందు, పైసలు తర్వాత అనే ఏర్పాటు; రేపు = ఇవాళ కాని దినమందు; (ఇయ్యబడును అని అధ్యాహారం).

టీక: కొట్టుకొచ్చి "అప్పు ఇయ్యి" అనేవాడు లేడు. ఈ వైపు దాని పేరు ఉద్దెర; అడిగే మాట "ఖాతాల రాయి సేటూ". అడగని మాటకు జవాబేమిటని పూర్వపక్షం. అడగబోయే నోటిని ముందే మూయడం కర్త ఉద్దేశం గనుక దోషం లేదు. "రేపు"ను క్రియగా తీసుకుంటే, అప్పు తగవును రేపును అని శ్లేష.

పాఠాంతరం: పక్క కొట్టులో "ఆజ్ నఖద్, కల్ ఉధార్". ఇది దుర్బలం. కల్ అంటే నిన్న కూడా కదా. తెలుగు పాఠానికి ఆ కంత లేదు.

తర్కం: రేపు తెల్లారితే ఇవాళవుతుంది, వాగ్దానం ఎన్నడూ బాకీ పడదు. ఒకప్పుడు ఆడదయ్యం ఇంట్లోకి రాకుండా గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసింది ఈ బలంతోనే. దయ్యం నిజాయితీగా చదువుకుని వెనక్కి పోయేదట. మనిషి అట్లా పోడు: "నిన్న రేపన్నవు గద, వచ్చిన" అంటాడు.

సేటుకూ ఒక అనుమానం ఉంది. ఈయన ఎగ్గొడతాడు (ప్రతిజ్ఞ), అద్దె ఇంట్లో ఉన్నాడు గనుక (హేతువు), పోయినేడు రాత్రికి రాత్రి ఖాళీ చేసినవాడిలాగ (ఉదాహరణ). తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు దీన్ని సవ్యభిచార హేతువు అంటాడు. అద్దె ఇళ్లలో తీర్చేవాళ్లూ ఉన్నారు, నేనున్నాను, ఇప్పటివరకు.

వాణిజ్యం: నలభై ఇళ్లు నెలకు రెండేసి వేలు ఖాతాలో రాయించి ఒకటో తారీకున తీరుస్తాయనుకోండి. నెలాఖరుకు 80,000, సగటున 40,000 రూపాయలు ఎప్పుడూ జనం వంటిళ్లలో ఉంటాయి. హోల్‌సేల్ వాడు అంతదాకా ఆగడు. మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఇది వర్కింగ్ క్యాపిటల్. సేటు నోట "పైసలు తిరుగుతలేవు".

సామాజికం: అసలు మర్మం ఇక్కడుంది. కొత్తవాడు ఉద్దెర అడగడు. బాగా ఎరిగినవాడు బోర్డు చదవడు. ఆ బోర్డు కిందే వాడి ఖాతా పుస్తకం ఉంది. మరి ఎవరికోసం రాసినట్టు? ముఖం తెలిసి, ఇల్లు తెలియనివాడి కోసం. వాడికి లేదని చెప్పడానికి సేటుకు మొహమాటం. రేకుకు మొహమాటం లేదు. అందుకే నోరెత్తడు, కళ్లతో బోర్డు చూపిస్తాడు. వాడూ నవ్వి ఊరుకుంటాడు. ఇద్దరి పరువూ దక్కింది.

పరాయివాడు చరిత్రలో వర్తకుడై కనిపిస్తాడని 1908లో జర్మన్ పండితుడు జార్జ్ సిమ్మెల్ రాశాడు. ఈ ఊరికది సరిపోయింది. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటుకు సైన్యం వెనకే మార్వాడీలు, పార్సీలు, మొదలియార్లు వచ్చారు. అమ్మేవాడూ వలసే, కొనేవాడూ వలసే. చుట్టరికం లేనిచోట ఖాతాలో ఒక పుట దొరికితే అదే చిరునామా. నా పుట కోసం రెండేళ్లు నగదు పెట్టి కొన్నాను.

తాత్పర్యం: ఇవ్వనని కాదు, నీకింకా ఇవ్వనని.

ఇది మోండా మార్కెట్ పరిసరవాసియు, కిరాణా ఖాతా 41వ పుట నిలయుండును, కందిపప్పు నిమిత్తము రూ. 340 బాకీ గలవాడును అగు వ్యాఖ్యాత రచించిన అప్పురేపు వ్యాఖ్యానమున సర్వంబును ఏకాశ్వాసము.