వెనక పేజీల వాంగ్మూలం

నేను డిగ్రీ విద్యార్థి రఫ్ బుక్‌ని. రెండు వందల పేజీలు, నడుమ రెండు పిన్నులు, అట్ట మీద పేరూ గ్రూపూ రాసుకోవడానికి రెండు గీతలు. మా పూర్వీకులు సరుగుడు, సుబాబుల్ చెట్లు. నాకు రెండు మొహాలు. ముందు నుంచి తిప్పితే తేదీ, యూనిట్ పేరు, క్లాసులో చెప్పిన నోట్సు. వెనక నుంచి తిప్పితే మెస్ బిల్లు, మ్యాచ్ స్కోరు, పరీక్ష వాయిదా కబురు, ఊరికెళ్లే బస్సు టైము, ఎవరి మీదో అలక. ముందు మొహం చూసినవాళ్లు నన్ను పుస్తకమంటారు, వెనక మొహం చూసినవాళ్లు చెత్త అంటారు. ఆ రెండో మాట దగ్గరే నాకు పేచీ. వార్తల్నీ సొంత గొడవల్నీ కలగలిపి గీకిన ఆ వెనక పేజీలే, ఒక వార్త మనిషి దాకా వచ్చి ఎంత బరువుతో దిగిందో చూపించే కాటా. పేపరు వార్తకి కాలమ్‌లు కొలిచి చోటిస్తుంది. ఆ పూట చదివేవాడి జేబులో ఎంతుందో, ఇంటి నుంచి ఏ ఫోను వచ్చిందో దానికెలా తెలుస్తుంది?

2024 జూన్ 4 సంగతే తీసుకోండి. లోక్‌సభకీ ఆంధ్రప్రదేశ్ శాసనసభకీ ఓట్ల లెక్కింపు ఆ రోజే. జూన్ 14న వస్తాయన్న నీట్ ఫలితాల్ని కూడా ఆ రోజే వదిలేశారు. మర్నాడు పేపర్ల నిండా సీట్ల లెక్కలే. 67 మందికి 720కి 720 మార్కులు రావడమేమిటన్న గొడవ దేశమంతా వినబడటానికి ఇంకొన్ని రోజులు పట్టింది. డిగ్రీలో చేరినా డాక్టరు సీటు మీద ఆశ చావనివాడికి మాత్రం ఆ రోజు మొదటి వార్త నీట్, ఎన్నికలది రెండో స్థానం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలూ అంతే. పేపర్లో అవి వేల కోట్ల అంకె, ఒక మంత్రిగారి హామీ. నా వెనక పేజీలో అవే బకాయిలు ‘ఫీజు కడితేగానీ టీసీ ఇవ్వరట’ అన్న ఒక్క వాక్యం, దాని కింద నాన్నని ఎంత అడగాలో వేసుకున్న కూడిక. అంకె పెద్దదయ్యేకొద్దీ వార్త దూరమవుతుంది, కూడిక దగ్గరికి తెస్తుంది. నా సంగతే చూడండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కుల మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేశారు. మా జాతికి మొదటి పేజీ యోగం పట్టడమే అరుదు. ఆ వార్త కూడా వెనక పేజీలోకొచ్చేసరికి, కాలేజీ ఎదురుగా ఉన్న షాపువాడు పాత స్టాకు ఏ రేటుకి ఇస్తాడన్న ప్రశ్న అయి కూర్చుంటుంది.

ఇలా కలిపి రాయడం ఈ తరం పిల్లల తెలివితక్కువతనమనుకునే పెద్దలకి ఏనుగుల వీరాస్వామయ్యగారిని గుర్తుచేస్తాను. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి మరుసటేడు సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. దారిలో రాసుకున్నదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. మజిలీల దూరాలు, నీటి వసతి, సరుకుల సంగతి, పాలకుల తీరు, తమ పరివారం అవస్థలు, శాస్త్ర విచారం అన్నీ ఒకే ఒరలో ఉంటాయందులో. వాటిని విడదీసి రాసుంటే బహుశా ఇంకా గంభీరంగా ఉండేది, ఇంత పనికొచ్చేది మాత్రం కాదు. బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ ఈ కలగాపులగాన్ని కావాలనే అడిగింది. 1937 మే 12న ఆరో జార్జి పట్టాభిషేకం. ఆ రోజు మీరేం చేశారో, ఏం విన్నారో రాసి పంపండని మామూలు జనాన్ని కోరింది. ఊరేగింపు ఎలా సాగిందో పత్రికలు ఎలాగూ రాస్తాయి. అది సాగుతుంటే జనం ఏం చేస్తున్నారన్నది జనమే చెప్పాలి.

ఇదంతా స్వార్థం కాదా, ఊళ్లు మునుగుతుంటే ఇంటర్నల్ మార్కుల ఏడుపేమిటి అని అడగొచ్చు. బలమైన ప్రశ్నే. 1914 ఆగస్టు 2న రచయిత కాఫ్కా తన డైరీలో జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించిన సంగతి రాసి, పక్కనే తాను ఈతకెళ్లిన సంగతి రాసుకున్నాడు. ఇప్పుడు చదివితే ఉలిక్కిపడతాం. ఆ యుద్ధం ఎంత దూరం వెళ్లిందో మనకి తెలుసు కనక ఉలిక్కిపడతాం; ఆ మధ్యాహ్నం అతనికి తెలీదు. తర్వాతెప్పుడో తీరిగ్గా రాసే జ్ఞాపకాల్లో ఈత కనపడదు, అప్పటికి యుద్ధం సైజు తెలిసిపోతుంది గనక దాన్ని కొట్టేస్తారు. నా వెనక పేజీకి ఆ అవకాశం లేదు. ఇక పుకార్లూ తప్పులూ అంటారా, ఒప్పుకుంటాను. ‘రేపు సెలవట’ అని రాసిన రోజుల్లో సగం సెలవులుండవు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి నన్ను తెరిస్తే మోసపోతారు. ఏం జరుగుతుందని అనుకున్నారో, ఏం జరగాలని కోరుకున్నారో తెలుసుకోవడానికైతే ఆ ‘ట’ ఒక్కటే చాలు.

ఫోనుంది కదా, స్టేటస్ పెట్టుకుంటారు కదా అన్నది అందరూ చివర్న వేసే పాచిక. వాట్సాప్ స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతుంది, అది చిన్న లోపం. పెద్ద లోపం, ఎవరు చూశారో పేర్లతో సహా కనపడటం. చూసేవాళ్ల లెక్క తెలిశాక రాసేవాడు తల దువ్వుకుని మరీ రాస్తాడు. బోరు కొట్టే క్లాసులో, లెక్చరర్ బోర్డు వైపు తిరిగినప్పుడు గీకే గీతకి ఆ ముస్తాబు ఉండదు. అయితే నా ఆయుష్షూ గొప్పదేం కాదు. సెమిస్టర్ పరీక్షలయ్యాక పాత పేపర్లవాడి తక్కెట్లో కిలోల లెక్కన తూగేదాన్నే. ఇంకో చిక్కుంది. తేదీ వేసే అలవాటు ముందు పేజీలకే; వెనక పేజీల్లో ‘ఈరోజు’ అని రాసి ఊరుకుంటారు. ఆ ఈరోజు ఏ రోజో పట్టుకోవాలంటే ముందు నోట్సునీ వెనక రాతనీ పక్కపక్కన పెట్టి, ఇంకు రంగు చూసి జత కలపాలి. పొట్లాలకి కాగితాలు కావలసినవాడు ముందు పిన్నులు పీకేస్తాడు. తేదీ బఠాణీలతో ఒక దిక్కు పోతుంది, ఈరోజు మరమరాలతో ఇంకో దిక్కు.