పడమట పొద్దుపొడుపు

ఈర్ష్య, అసూయ అనే మాటలను జనం ఒకే అర్థంలో వాడుతున్నా అమరకోశం వాటిని వేరుచేసి చెప్పింది: ఎదుటివాడి మేలును ఓర్వలేకపోవడం ఈర్ష్య, ఉన్న గుణానికే దోషం అంటగట్టడం అసూయ. ఆ దోషారోపణ ఎప్పుడూ పరాయి గుణం మీదికే పోతుందని లోకం నమ్ముతూ వచ్చింది గానీ, సొంత గుణాలలో దోషాలు వెదికి, పరాయి దోషాలను గుణాల కింద జమకట్టే మూడో రకం ఒకటి హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలలో వర్ధిల్లుతున్నది. దానికి నిఘంటువులో పేరు లేదు కనుక ప్రస్తుతానికి 'స్వగృహాసూయ' అనుకోవచ్చు.

ఈ వ్యాధి సోకినవారికి దిక్కులు తారుమారవుతాయి. నగరానికి తూర్పున కాపురముంటూ, తెల్లవారి ఎండ ముందుగా తమ డాబా మీదే పడుతున్నా, 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచి సూర్యుడు పడమటనే ఉదయిస్తున్నాడని వీరి విశ్వాసం. ఈ బలహీనతను అందరికంటే ముందు పసిగట్టినవారు స్థిరాస్తి వ్యాపారులు. 'రేపటి గచ్చిబౌలి' అని వారు బ్రోషర్లలో అచ్చువేసే మాటకు 'ఈ రోజుకు ఏమీ కానిది' అని అర్థం కాగా, తన ఊరు ఏమీ కాదని ఒప్పుకోవడానికి ఎల్బీనగర్ వాసి అడ్వాన్సు చెల్లించి మరీ రసీదు పుచ్చుకుంటాడు.

మెట్రో రైలు సంగతి ఇంకా విచిత్రం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం మొదలైనప్పటినుంచి ఇక్కడ ఎక్కేవాడికి ఒక మహాభాగ్యం దక్కింది: రైలు బయలుదేరేది ఇక్కడే గనుక సీటు దొరుకుతుంది. అయినా అతడు ఈ స్టేషన్‌ను 'లాస్ట్ స్టాప్' అనే అంటాడు. అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు పోయే నీలిరంగు మార్గం రైలెక్కి, పట్టీకి వేలాడుతూ, పక్కవాడి సంచి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే, అప్పుడు గానీ తాను నగరానికి వచ్చినట్టు అతనికి తోచదు.

నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ పల్లెలనుంచి గ్రూప్స్, డీఎస్సీ కోచింగ్ కోసం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గదికి నలుగురు చొప్పున సర్దుకునే పిల్లలకు ఈ వీధులే స్వర్గద్వారాలు. వారిని చూసి 'బ్యాచిలర్ల గోల' అని మొగం చిట్లించే ఇంటి యజమాని, వారిచ్చే అద్దెతోనే కారు వాయిదా కట్టి, ఆ కారులోనే ఆదివారం కొండాపూర్ వెళ్లి, అక్కడి అపార్ట్‌మెంట్ల ఎత్తుకు మెడ నొప్పెట్టేదాకా అసూయపడి తిరిగివస్తాడు.

ప్రతి ఫిర్యాదూ అసూయ కాదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగినప్పుడు కలిగిన కోపం న్యాయమైన కోపం. అయితే స్వగృహాసూయ ఆ కోపాన్ని కూడా మింగేస్తుంది. నాలా వెడల్పు చేయించమని అడగవలసిన నోరు మాల్ కట్టించమని అడుగుతుంది, వాన పడితే హైటెక్ సిటీ రోడ్లూ చెరువులే అవుతాయన్న మాట మాత్రం చెవికెక్కించుకోదు.

చికిత్సకు ఒక దారి ఉన్నది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ లారీలనీ ఈగలనీ ముక్కు మూసుకున్నవారు, దాన్ని ఊరవతలి బాటసింగారానికి తరలించాక, మామిడిపండ్లంటే కొత్తపేటవే అని నిట్టూర్చడం నేర్చారు. కనుక ప్రభుత్వం దయతలచి సాయిబాబా గుడిని, చీరల దుకాణాలను, హరిణ వనస్థలిలోని కృష్ణజింకలను కూడా ఒక్కొక్కటిగా అటే పంపించాలి. ఆ దారిన వెలిసే వెంచర్‌కు 'రేపటి ఎల్బీనగర్' అని పేరు పెడితే, మొదటి ప్లాటు కొనేవాడు ఎల్బీనగర్ వాసే.