“ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా?” — ఒక సందేశమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

తుంగభద్రాతీరమునందలి మంచాల గ్రామము మంత్రాలయమను పేర విఖ్యాతమగుటకు కారణభూతులైన శ్రీ రాఘవేంద్రస్వామివారు, 1671లో బృందావనప్రవేశము చేయుటకు మున్ను, జయతీర్థులవారి న్యాయసుధకు పరిమళమను వ్యాఖ్యను రచించిరి. ఆ న్యాయసుధయో మధ్వాచార్యులవారి అనువ్యాఖ్యానమునకు టీక. ఆ అనువ్యాఖ్యానమో బ్రహ్మసూత్రములకు వివరణము. వ్యాఖ్యకు వ్యాఖ్యయు, దానికి మరల వ్యాఖ్యయు వెలసిన సంప్రదాయమునకు నెలవైన ఇట్టి యూర, ఒక యువకుడు తన మేనమామకు సెల్‌ఫోనున పంపిన సందేశము వ్యాఖ్యానశూన్యమై పడియుండుట న్యాయము కాదని తలచి, అల్పజ్ఞుడనయ్యు ఈ టీకకు పూనుకొనుచున్నాను.

మూలము

“మామా, గేమింగుకు పీసీ కట్టిస్తాండా. ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా? ఎండలు సూస్తే బయమైతాంది. రేటు సూసి సెప్పు.”

ప్రతిపదార్థము

మామా = ఓ మేనమామా; గేమింగుకు = రాత్రులు మేల్కొని ఆటలాడుటకు (చదువునకని తండ్రికి వేఱుగ నివేదింపబడినది); పీసీ కట్టిస్తాండా = తయారైన పెట్టెను కొనక, భాగములను విడివిడిగ తెప్పించి కంప్యూటరును కూర్పించుచున్నాను; ఎయిర్ కూలరా = ప్రాసెసరుపై రాగిగొట్టములును, అల్యూమినియపు రేకులును, ఫ్యానును గల గోపురమును నిలుపుదునా; లిక్విడ్ కూలరా = పంపును, గొట్టములును, రేడియేటరును గల మూసిన జలయంత్రమును అమర్తునా; ఎండలు సూస్తే = 40 డిగ్రీలు దాటు కర్నూలు సీమ వేసవిని తలచుకొన్నచో; బయమైతాంది = యంత్రము మాడునేమోయని గుండె అదరుచున్నది; రేటు సూసి = ధరల నారసి; సెప్పు = నిర్ణయింపుము.

తాత్పర్యము

మొదటి కంప్యూటరు. ధనము పరిమితము, వేసవి అపరిమితము.

విశేషములు

“ఎండలు సూస్తే” అను మాటయే ఈ సందేశమునకు ప్రాణము. కూలరులను పరీక్షించి పట్టికలు ప్రకటించువారు సామాన్యముగ 22, 25 డిగ్రీల గదులలో సుఖాసీనులై పరీక్షింతురు. గాలిదైనను నీటిదైనను ఈ జాతి కూలరేదియు ప్రాసెసరును గదిగాలికంటె చల్లగ నుంచజాలదు; గదిగాలిపై ఎన్ని డిగ్రీల హెచ్చున దానిని నిలుపగలదనునదియే దాని శక్తికి కొలత. కావున 25 డిగ్రీల గదిలో 70 చూపిన యంత్రము, అదే పని చేయుచు, మంత్రాలయమున మధ్యాహ్నపుటెండకు కాగిన మిద్దె క్రింద 40 డిగ్రీల గదిలో ఇంచుమించు 85 చూపును. రైజెన్ 5 7600 వంటి ప్రాసెసరునకు పరమావధి 95. ఆ గీటు తాకినను అది మాడిపోదు. తన వేగమును తానే తగ్గించుకొని ప్రాణము కాపాడుకొనును. బాలుని భయమునకు వాస్తవహేతువు ఇంతమాత్రమే.

ఇక పూర్వపక్షము: నీరు గాలికంటె వేడిని మోయుటలో సమర్థము గదా, 1985లో వెలువడిన క్రే-2 సూపర్‌కంప్యూటరును విద్యుత్తు పాఱనీయని ద్రవమున నిలువున ముంచియే నడపిరి గదా, కావున లిక్విడ్ కూలరే శ్రేష్ఠమని. దీనికి సమాధానము చెప్పునపుడు, గాలికిని నీటికిని భేదమే లేదని పలుకుటకు ఈ క్షేత్రమున నాకు ధైర్యము చాలదు. జడమునకును జడమునకును భేదము గలదనుట మధ్వమతమునందలి పంచభేదములలో నొకటి. భేదము కలదు, అది ఎచట నున్నదనునదియే ప్రశ్న. లిక్విడ్ కూలరునందలి నీరు వేడిని ప్రాసెసరునొద్దనుండి రేడియేటరునకు మోసికొనిపోయి, అచట ఫ్యానులు విసరు గాలికే అప్పగించును. ఎయిర్ కూలరునందలి రాగిగొట్టమో, చూపునకు గట్టికడ్డీవలె నున్నను, లోన బోలుగ నుండి, అల్పపీడనమున రవ్వంత నీటిని దాచుకొనియుండును. ఆ నీరు వేడిచివర ఆవిరియై, చల్లనిచివర మరల నీరై, లోగోడనున్న సూక్ష్మరంధ్రముల వెంట వెనుకకు నడచును. 1963లో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవరు నిరూపించిన ఉష్ణనాళమిదియే. దీనికి పంపుతో పని లేదు. ఎయిరని పేరు పెట్టుకొన్నదానిలో నీరున్నది, లిక్విడని పేరు పెట్టుకొన్నదానికి గాలి లేక గడవదు. భేదము మార్గమునందే, గమ్యమో, ఉభయులకును ఆ మిద్దెక్రింది గదియే.

మూలమున లేనిది వ్రాయరాదని వ్యాఖ్యాతృధర్మము. మెదకుసీమవాడగు మల్లినాథసూరి ప్రతిజ్ఞయు నదియే. అయినను ఒక్కయెడ ఆ ధర్మము నుల్లంఘింతును. బాలుడు ప్రాసెసరు చల్లదనమునే అడిగినాడు. ఆటవేళ అంతకు మిక్కిలి వేడిని గ్రక్కునది గ్రాఫిక్స్ కార్డు. పైజెప్పిన ప్రాసెసరు 88 వాట్లకు మించి తీసికొనకుండగ, ఆర్‌టీఎక్స్ 4070 కార్డు ఒక్కటియే 200 వాట్లు తీసికొనును. తక్కిన భాగములు చేరి మొత్తము 300 అనుకొందము. ఊరక కూర్చున్న మనుష్యుడు సుమారు 100 వాట్ల వేడి వెలువరించును గనుక, ఆట మొదలిడినంతనే ముగ్గురు చుట్టములు వచ్చి గదిలో బైఠాయించినట్లే. కూలరు మార్చినంతమాత్రమున వారు లేచిపోరు.

కావున చల్లబఱచవలసినది మొదట గదిని. రాయలసీమ వేసవి గాలి పొడిది. గడ్డిపలకల గది కూలరు ఇచట పనిచేసినట్లు కోస్తాలో పనిచేయదు. కిటికీ తెఱచి, తడిగాలి బయటికిపోవ దారి చూపినచో 40 డిగ్రీల గది పది డిగ్రీలు దిగుటయు కలదు. తేమవలన యంత్రము చెడునని శంకింపవలదు: గాలికంటె వేడిగనున్న వస్తువుపై మంచు పట్టదు. తుంపరలు తగులునంత ఎదురుగ మాత్రము పెట్టరాదు. దుమ్ము సంగతి వేఱు. ఆదోని పత్తి నూగును, పొలముల మన్నును కలిసి వచ్చి రేకులనడుమ తిష్ఠవేసినచో గోపురమైనను రేడియేటరైనను ఒక్కటియే గతి. అద్దపు ముఖము గల క్యాబినెట్టు కంటె జాలీముఖము గలది మేలు. గాలిని లోనికి లాగు ఫ్యానులు వెలికి తోయువానికంటె అధికముగ నుండి, వానికి వడపోతతెరలున్నచో సందులవెంట దుమ్ము దూఱుట తగ్గును.

“రేటు సూసి”. రెండు మూడు వేల రూపాయల ఎయిర్ కూలరు ఆ ప్రాసెసరునకు చాలును. దాని ఫ్యాను చెడిన ఫ్యానే మార్పవచ్చును. లిక్విడ్ కూలరున పంపు నిలిచిన సర్వమును మార్పవలసినదే. ఏండ్లు గడచుకొలది గొట్టముల గుండ కొంత నీరు హరించుకొనియు పోవును. అది కారుట అరుదనుట నిజమే. కాని 2009 అక్టోబరున తుంగభద్ర పొంగి రాఘవేంద్రుల మఠములోనికే వచ్చుట నెఱిగిన పెద్దలకు ‘అరుదు’ అను మాటపై గౌరవము తక్కువ. 253 వాట్లు త్రాగు ఐ9 14900కే వంటిదానిని కొనువాడైన, 360 మిల్లీమీటర్ల రేడియేటరు విలాసము కాదు, అవసరము. ఇతడట్టివాడు కాడు. గోపురము కొనుటకు ముందు క్యాబినెట్టు లోవెడల్పు కొలువవలయును. నాక్చువా ఎన్‌హెచ్-డీ15 వంటిది 165 మిల్లీమీటర్ల పొడవు, ఇఱుకుపెట్టెలో ప్రక్క అద్దము మూతపడదు.

కడపట ఒక ధ్వని. కూలరులు రెండింటిలో లిక్విడును రెండవదిగ నిలిపి, దానివెంటనే ఎండల భయమును కూర్చుటచే, కవిహృదయము దానియందే లగ్నమై యున్నదని సహృదయులు గ్రహింతురు. అందలి రంగురంగుల దీపములే ఆ యాకర్షణ. వానివలన ప్రాసెసరునకు ఒక్క డిగ్రీయు తగ్గదు. కాని వేడుకకు శాస్త్రప్రమాణ మడుగుట అరసికత. ఆ దీపములకు కావలసిన అధికధనము నిచ్చువాడు తండ్రియే గాని మేనమామ కాడు గనుక, ఈ సందేశము తప్పు నంబరునకు పంపబడినదని వ్యాఖ్యాత అభిప్రాయము.