పని చెయ్యనివాడూ, పని ఇవ్వనివాడూ

నారాయణగూడలో ఆదివారం ఆరాధన ముగిసే వేళకి చర్చి గేటు బయట రెండు వరసలు తయారవుతాయి. ఒకటి కార్లది, రెండోది చేతులు చాచేవాళ్ళది. రెండింటికీ మధ్య ఉన్న పది అడుగులు దాటడానికి మన పెద్దమనిషికి ఒక వచనం కావాలి. అది ఆయన నాలిక చివర సిద్ధంగా ఉంటుంది. పని చెయ్యనివాడికి తిండి పెట్టొద్దని పౌలుగారే రాశారు కదండీ, అంటాడు. రెండో థెస్సలొనీక పత్రిక, మూడో అధ్యాయం, పదో వచనం. చెయ్యి జేబులోకి వెళ్తుంది. గేటు దగ్గరున్న ముసలమ్మ ఆశగా చూస్తుంది. చెయ్యి కారు తాళంతో బయటికొస్తుంది.

ఈ పెద్దమనిషి ఎవరని అడక్కండి, ఆయన ఒక్కడు కాదు. సంఘపెద్ద కావచ్చు, రిటైరైన ఇంజినీరు కావచ్చు, అశోక్‌నగర్‌లో రెండు హాస్టళ్ళు నడుపుతున్న ఆసామీ కావచ్చు. ఆయనకు అన్ని మతాల్లోనూ చుట్టాలున్నారు. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర శనివారం ఇదే పని చేసేవాళ్ళు పౌలును పిలవరు, పూర్వజన్మ కర్మను పిలుస్తారు. కర్మతో వాదన పెట్టుకోలేం, దానికి అధ్యాయాలూ అంకెలూ లేవు. వచనం చెప్పి తప్పించుకునేవాణ్ణి మటుకు పుస్తకం తెరిచి పట్టుకోవచ్చు.

తెరుద్దాం. పదో వచనానికి కాస్త పైన, అదే అధ్యాయంలో ఎనిమిదో వచనం ఉంది. మేం మీలో ఎవరి అన్నమూ ఊరికే తినలేదు, మీకు బరువు కాకూడదని రాత్రింబగళ్ళు కష్టపడ్డాం అని అక్కడ పౌలు లెక్క చెబుతాడు. ఆయన గుడారాలు కుట్టి బతికినవాడు. సంఘం చేత పోషింపబడే హక్కు తనకుందని అంటూనే, ఆ హక్కు వాడుకోలేదంటాడు. ఇక పదో వచనంలోని చీవాట్లు ఎవరికయ్యా అంటే, సంఘంలోనే ఉంటూ పనీపాటా మానేసి, పక్కవాళ్ళ గొడవల్లో తలదూర్చి తిరుగుతున్న సహోదరులకి. ఆ అధ్యాయం ఈ చివర నుంచి ఆ చివరకి చదివినా భిక్షగాడు కనిపించడు. పైగా పదమూడో వచనంలో మేలు చేయడంలో విసుక్కోకండి అని ఉంది. ఎనిమిదీ పోయింది, పదమూడూ పోయింది, పెద్దమనిషి కంఠస్థంలో పది మిగిలింది. ఆయన కారు తాళం కూడా ఇంత కచ్చితంగా గుర్తుపెట్టుకోడు.

పదో వచనాన్ని ఎనిమిదితో కలిపి అమలు చేస్తే ముందు తనిఖీ జరగాల్సింది గేటు దగ్గర కాదు, మైకు దగ్గర. టీవీలో ప్రసంగం నడుస్తుంటే తెర అడుగున బ్యాంకు ఖాతా నంబరూ, ఐఎఫ్ఎస్‌సీ కోడూ పరిగెడుతుంటాయి. పక్కన క్యూఆర్ కోడు నిలబడి ఉంటుంది. దేవుడు మీకు నూరంతలు తిరిగిస్తాడనే హామీ ఉంటుంది. గేటు దగ్గర ముసలమ్మా అదే హామీ ఇస్తుంది, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు నాయనా అని. ఒకరికి వేసింది విత్తనం, మరొకరికి వేసింది ముష్టి. (పల్లెల్లో వారమంతా కూలికెళ్ళి, ఆదివారం పాత సైకిలెక్కి మూడు ఊళ్ళలో ప్రార్థన చేసే పాస్టర్లు చాలామంది ఉన్నారు. ఈ పేరా వాళ్ళది కాదు. వాళ్ళు ఎనిమిదో వచనంలోనే కాపురం ఉంటున్నారు.)

పెద్దమనిషి దగ్గర మరో వచనం ఉంది, ముప్ఫై ఏడో కీర్తనలోది. నీతిమంతుల పిల్లలు బిచ్చమెత్తడం తాను చూడలేదని ముసలి దావీదు అంటాడు. దాన్నుంచి పెద్దమనిషి లాగిన సారాంశం ఏమిటంటే, బిచ్చమెత్తేవాడు నీతిమంతుడి బిడ్డ కాడు. యోబు స్నేహితులు కూడా అచ్చం ఇలాగే తర్కించారు: ఇంత కష్టం వచ్చిందంటే నువ్వేదో చేసే ఉంటావు అని. పుస్తకం చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. లూకా సువార్త పదహారో అధ్యాయంలో ధనవంతుడి ఇంటి వాకిట కురుపులతో పడి ఉన్న భిక్షగాడికి లాజరు అని పేరుంది. లోపల రోజూ విందులు చేసుకునే ధనవంతుడికి పేరే లేదు. మన పేపర్లు ఈ వార్తను తిప్పి వేస్తాయి. దుప్పట్లు పంచిన దాత పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పుచ్చుకున్నవాళ్ళు ‘నిరుపేదలు’.

మూడోది, బీదలు మీతో ఎప్పుడూ ఉంటారనే మాట. దీన్ని ఆయన ప్రభుత్వ ప్రకటనలాగా చదువుతాడు: ఎప్పుడూ ఉండేవాళ్ళే కదా, ఇవాళ మనం కంగారు పడటం దేనికి? యేసు ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయం. దేశంలో బీదలు ఉండక మానరు, కాబట్టి నీ చెయ్యి తెరువు అని అక్కడి ఆజ్ఞ. పెద్దమనిషి ‘కాబట్టి’ దాకా రాడు. ఈలోగా కారు స్టార్టయిపోతుంది.

ఇప్పుడు కారుతో పాటు అశోక్‌నగర్ వెళ్దాం. పని చెయ్యనివాడు తినకూడదనే సూత్రాన్ని పరీక్షించడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి చోటు లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ వేలమంది పని లేనివాళ్ళున్నారు, అందరూ పని కోసమే చదువుతున్నారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో ప్రభుత్వోద్యోగాల గ్రూప్-1 ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. వీళ్ళలో ఎందరో మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం వరసలో నిలబడతారు. జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన పథకం అది. వాళ్ళ ముందు అడ్డా కూలీ ఉంటాడు, వెనక గుడి మెట్ల మీది ముసలాయన ఉంటాడు. పెద్దమనిషి వచ్చి ఈ వరసలో పదో వచనం చదివి వినిపిస్తే, ఎంఏ, బీఈడీ చదివిన కుర్రాడు గిన్నె కింద పెట్టి వెళ్ళిపోవాలి.

పౌలు పెట్టిన షరతు పని మీద మనసు లేనివాడికి. పని దొరకనివాడి సంగతి మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఉంది, అది అడ్డా కూలీల కథ. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే వెళ్ళి కూలీలను మాట్లాడుకుంటాడు. తొమ్మిదింటికి వెళ్తాడు, పన్నెండింటికి వెళ్తాడు, మూడింటికి వెళ్తాడు. సాయంత్రం ఐదింటికి వెళ్తే ఇంకా కొందరు నిలబడే ఉంటారు. ఎందుకిలా పొద్దుగూకులూ ఊరికే నిలబడ్డారని అడిగితే, మమ్మల్నెవరూ పనిలోకి పిలవలేదయ్యా అంటారు. వాళ్ళనీ తోటలోకి పంపి, చీకటి పడ్డాక అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచీ ఎండలో పనిచేసినవాళ్ళు గొడవ చేస్తారు, అది వేరే సంగతి. మన పెద్దమనిషి అయితే ఆ సాయంత్రం ఐదింటి మనుషుల్ని చూసి బద్ధకస్తులని తేల్చి, వీడియో తీసి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కింద ఎవరో ఒకరు ఫలానా ఊళ్ళో బిచ్చగాడి సంచిలో లక్షలు దొరికాయట అని రాస్తారు. ఆ సంచి ఏళ్ళ తరబడి గ్రూపు నుంచి గ్రూపుకి తిరుగుతూనే ఉంది.

ఆయన హాస్టల్ కూడా చూడాలి. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో రైతుకి ఒక ఆజ్ఞ ఉంది: పొలం మూలల దాకా కొయ్యొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, ద్రాక్షతోటలో పళ్ళు పూర్తిగా దులిపెయ్యొద్దు, బీదలకీ పరదేశులకీ వదిలెయ్యి. మన ఊళ్ళలో దాన్ని పరిగె అంటారు. బైబిల్లో రూతు పరిగె ఏరుకునే బతికింది. యజమాని దయతలచి గుప్పెడు గింజలు పడెయ్యడం కాదు అక్కడ జరిగేది. బీదవాడు తలెత్తుకుని పొలంలోకి వచ్చి, తన చేత్తో తాను తీసుకుంటాడు. అసలు యజమానిని ధర్మం అడిగే అవసరమే ఆ చట్టం తీసేసింది. మన హాస్టల్లో పన్నెండడుగుల గది ఉంటుంది. నాలుగు గోడలకీ నాలుగు మంచాలు, వాటి మీద ఇంకో అంతస్తు మంచాలు. బాత్రూం తలుపు తెరుచుకునే మూల ఖాళీగా కనబడితే అక్కడో మడత మంచం, దానికి కాస్త తక్కువ అద్దె. మూలలు వదలమని లేవీయకాండం అంటే, మూలకి రేటు కట్టాడు మనవాడు. దశమభాగం మాత్రం తప్పకుండా కవర్లో పెడతాడు, ఆ మూల మంచం మీద వచ్చినదానితో సహా.

ఒక్క పెద్దమనిషినే అనడం అన్యాయం. ప్రభుత్వమూ ఆయన దగ్గరే బైబిల్ క్లాసు చదువుకున్నట్టుంది. 2017 నవంబరు చివర ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వచ్చింది. అంతకు ముందే నవంబరు 8 నుంచి రెండు నెలల పాటు నగరంలో భిక్షాటన నిషేధిస్తూ పోలీస్ కమిషనర్ 144వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చారు. ట్రాఫిక్‌కి అడ్డం వస్తున్నారన్నారు. పట్టుకున్న మగవాళ్ళని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి తరలించారు. జైళ్ళ శాఖ మరో మెట్టెక్కి, భిక్షగాణ్ణి చూపించినవాళ్ళకి 500 రూపాయల బహుమతి ప్రకటించింది. గమనించారా, భిక్షగాడికి ఐదు రూపాయలిస్తే సోమరితనాన్ని పెంచినట్టు, భిక్షగాణ్ణి పట్టిస్తే అయిదొందలు. ఆ డిసెంబరులోనే ఎల్బీ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ‘భవతి భిక్షాం దేహి’ని శతాబ్దాలుగా పవిత్రంగా పలికిన జాతి, రోడ్డు మీద ఒక్క చెయ్యీ కనబడకుండా తన సంస్కృతి గురించి మాట్లాడుకుంది.

యెరికో బయట కూడా ఒక వి.ఐ.పి. పర్యటన జరిగింది, మార్కు సువార్త పదో అధ్యాయంలో. యేసు వెళ్తున్నాడు, వెనక పెద్ద గుంపు. దారి పక్కన గుడ్డి భిక్షగాడు బర్తిమయి కూర్చుని అరుస్తున్నాడు. నోరు ముయ్యమని గుంపు గదమాయించింది. ఆ పని చేసింది ఏ రోమా సైనికుడో కాదు, యేసు వెంట నడుస్తున్న భక్తులే. అప్పుడు ఊరేగింపు మొత్తం ఆగిపోయింది. ట్రాఫిక్‌కి అడ్డంగా నిలబడింది బర్తిమయి కాదు, యేసు. వాణ్ణి పిలవండి అన్నాడు. పిలిపించి, నీకు ఏం కావాలని అడిగాడు. అప్పటి 144వ సెక్షన్‌లో ఆ ప్రశ్న రాసుకోవడానికి గడి లేదు.

2021 జూలైలో సుప్రీంకోర్టుకి కూడా వీధుల్లో భిక్షగాళ్ళు లేకుండా చెయ్యమనే విజ్ఞప్తి వెళ్ళింది. ఇలాంటి పైతరగతి దృష్టితో మేం చూడలేం, వేరే దారి లేకే జనం చెయ్యి చాస్తారు అని న్యాయమూర్తులు అన్నారు. పౌలు పత్రిక చదివి అన్న మాట కాదు, చుట్టూ చూసి అన్న మాట. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మాత్రం మన దగ్గర పుస్తకాల్లో ఉంది.

చలికాలం వస్తే పెద్దమనిషి కూడా కరుగుతాడు. క్రిస్మస్ ముందు దుప్పట్ల పంపిణీ, వెనక ఫ్లెక్సీ, ముందు కెమెరా. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని కొండమీది ప్రసంగంలో ఉంది. అందులో డ్రోన్ ప్రస్తావన లేదు కనుక అభ్యంతరం ఉండదని కాబోలు. ఇటు చలి లేనివాళ్ళకి, త్యాగరాయ గానసభ సన్మానాల్లో, వేసవి సాయంత్రాల్లో సైతం ఒక్కొక్కరి భుజాల మీద మూడేసి శాలువాలు పడతాయి. చలేసేవాడికి వెచ్చగా ఉండమని నోటి దీవెన ఇచ్చి పంపితే ప్రయోజనమేమిటని యాకోబు తన పత్రికలో విసుక్కున్నాడు. ఆయన గానసభ దారిన రాలేదు, వచ్చుంటే పత్రిక మరో అధ్యాయం పెరిగేది.

పదో వచనాన్ని నిజంగా నమ్మి, దాని ఖరీదు చెల్లించినవాడు తెలుగు నేల మీద ఒకడున్నాడు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. ఆకలితో వచ్చినవాళ్ళని పని చెయ్యమని ఆయనా అన్నాడు. అయితే ముందు మద్రాసు ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పార చేతికిచ్చి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవాళ నారాయణగూడ చర్చీల్లో కూర్చునేవాళ్ళలో కొందరి ముత్తాతలు ఆ కాలువ తవ్వినవాళ్ళో, ఆ ఏటి ఒడ్డున నిలబడినవాళ్ళో అయ్యుండొచ్చు. ఆకలితో వచ్చిన ఆ ముత్తాతకి ఎవరూ ముందుగా వచనం చదివి వినిపించలేదు.

మన పెద్దమనిషిని మూడు మైళ్ళు తవ్వించమనడం లేదు. ఆయన హాస్టల్ గేటుకి ‘వాచ్‌మన్ కావలెను’ అని అట్టముక్క వేలాడి చాలాకాలమైంది. చర్చి గేటు దగ్గర కూర్చునేవాళ్ళలో రాత్రంతా మేలుకుని ఉండగలిగినవాడు ఒకడుంటాడు, ఎలాగూ ఫుట్‌పాత్ మీద ఎవరికీ నిద్ర పట్టదు. ఆ మాట ఆయనతో అంటే ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు.

“మనిషి మంచివాడేనండీ, కానీ ఆధార్‌లో అడ్రసు ఉండాలి కదా!”