పీపీటీ అన్న

ఇంజనీరింగ్ కాలేజీ అన్నాక ఒక పీపీటీ అన్న ఉండి తీరతాడు. బ్రాంచి ఏదైనా సరే, ల్యాప్‌టాప్ తప్ప వేరే పనిముట్టు ముట్టడు. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి జట్టుకు ఆరుగురు ఉండాలనీ, అందులో కనీసం ఒక అమ్మాయి తప్పనిసరనీ కాలేజీలో అందరికంటే ముందు చదివేది అతనే. సాయంత్రానికల్లా సీఎస్‌ఈ నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఈసీఈ నుంచి ఇద్దరు, ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన మెకానికల్ డిప్లొమా కుర్రాడు తయారు. ఆరోవాడు తను. మరి తన పని? "ఓవరాల్."

పోటీకి చేయాల్సిన రోబో బండి పుట్టకముందే లోగో పుడుతుంది. వాట్సాప్ గ్రూపుకి పేరు రెండుసార్లు మారుతుంది.

ఇక ల్యాబ్‌లో చూడాలి తమాషా. అందరూ ఒకే బల్ల చుట్టూ ఉంటారు, మాటలు మాత్రం అన్న మీదుగానే నడుస్తాయి. "అన్నా, చక్రం తిరగట్లేదని ఆ అమ్మాయికి చెప్పు." "అన్నా, నా కోడ్ కరెక్టే, వాళ్లనే చూసుకోమనండి." "వైరింగ్ పక్కా అన్నా." "వెల్డింగ్ నాది. ఊడితే నన్నడుగు." ఎవరి పని వాళ్లు శుభ్రంగా చేశారు. బండి కదలదు.

అప్పుడు అన్న స్లైడులోంచి తల ఎత్తకుండానే అడుగుతాడు: "గ్రౌండ్ కలిపారా?"

ఎవరూ మాట్లాడరు. మోటారు బ్యాటరీ నెగెటివ్‌నీ ఆర్డుయినో గ్రౌండ్‌నీ కలపాల్సిన జానెడు నల్ల వైరు బల్ల మీదే పడుంది. అది తగిలించగానే బండి బయల్దేరి, తిన్నగా వెళ్లి అన్న కుర్చీనే గుద్దింది.

అతనికి గ్రౌండంటే క్రికెట్ ఆడుకునేదే. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పక్క బ్యాచ్‌వాళ్లు ఆ మాట మీద కొట్టుకుంటుంటే టీ తాగుతూ విన్నాడు, అంతే. కానీ న్యాయంగా చెప్పుకోవాలి: తప్పు కోడ్ రాసినవాళ్ల వాటాలో లేదు, వెల్డింగ్ వాటాలోనూ లేదు. వాటాల మధ్య సందులో ఉంది. ఆ సందులో రోజూ తిరిగేవాడు అతనొక్కడే.

మర్నాడు రివ్యూలో మొదటి స్లైడు: "సిస్టమ్ ఇంటిగ్రేషన్", కింద బోల్డ్‌లో అతని పేరు. మిగతా ఐదుగురూ చివరి స్లైడులో, "థాంక్యూ"కి పైన.

మీ బ్యాచ్‌లో ఇలాంటివాడు లేకపోతే పక్క బ్యాచ్ నుంచైనా అరువు తెచ్చుకోండి. సోల్డరింగ్ ఐరన్ మాత్రం చేతికివ్వకండి.