పాత ఇనుము

వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే నా చేతులకు శనివారం వచ్చేసరికి మసి కావాలి. లీడ్స్ నుంచి గంట దూరంలో ఉన్న ఒక షెడ్డులో పదిహేను మందిమి కలిసి ఒక పాత ఆవిరి ఇంజనుకు మళ్లీ ప్రాణం పోస్తున్నాం.

అది బ్లాక్ ఫైవ్. 1934 నుంచి 1951 దాకా ఆ రకం ఇంజన్లు 842 తయారయ్యాయి. 1968 ఆగస్టు 11న బ్రిటిష్ రైల్వే ఆవిరి బండికి చివరి వీడ్కోలు పలికినప్పుడు, ఆ బండిని లాగినవాటిలో బ్లాక్ ఫైవ్‌లూ ఉన్నాయి. మా ఇంజను వేల్స్ సముద్రపు ఒడ్డున ఉన్న బారీ ఊరి పాత ఇనుము యార్డుకు చేరింది. ఇంజన్ల కంటే పాత వ్యాగన్లను కోయడం తేలికని యార్డు వాళ్లు ముందు ఆ పని పెట్టుకున్నారు. ఇంజన్లు ఉప్పుగాలికి తుప్పు పడుతూ ఏళ్లపాటు వరసగా నిలబడిపోయాయి. ఆలోపు జనం చందాలు పోగేసి ఒక్కొక్కటే కొనుక్కుపోయారు. అక్కడికి చేరిన 297 ఇంజన్లలో 213 అలా బతికాయి.

మాది మళ్లీ సెటిల్–కార్లైల్ దారి ఎక్కాలని మా ఆశ. 1876లో ప్రయాణికులకు తెరిచిన ఆ దారిని 1980లలో మూసేయాలని చూస్తే, జనం ఏళ్ల తరబడి పోరాడి 1989లో నిలబెట్టుకున్నారు. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల రాతివంతెన మీద, గొర్రెలు మేసే కొండల నడుమ మా ఇంజను పొగ చిమ్ముతూ పోయే రోజు కోసం ఏడేళ్లుగా తుప్పు గోకుతున్నాం.

షెడ్డు చూడటానికి బడిపిల్లలు వస్తే వాళ్లకు అన్నీ చూపించే పని నాది. ఎప్పుడూ ఒక మాట చెప్పి ముగిస్తాను. "తుప్పు చూసి దేన్నీ పారేయకండి. ఎవరి చెమటో దాని కింద ఉంటుంది."

మా అందరికీ గురువు ఎనభై దాటిన ఒక పెద్దాయన. కుర్రతనం నుంచీ బాయిలర్ పనే. బాయిలరులో నిప్పుగూడుకు రెండు పొరల గోడలుంటాయి. మధ్యలో నీళ్లు. చదరపు అంగుళానికి 225 పౌండ్ల ఒత్తిడికి ఆ గోడలు విచ్చుకుపోకుండా వందల స్టేలు, అంటే అడ్డకడ్డీలు, పట్టి ఉంచుతాయి. ఒకటి లోపల విరిగినా కంటికి కనబడదు. పెద్దాయన నిప్పుగూడులోకి దూరి, చిన్న సుత్తితో ఒక్కో స్టే మీద తట్టి చెవి పెడతాడు. మంచిదైతే ఖంగుమంటుంది. విరిగినదైతే చచ్చుగా పలుకుతుంది.

ఒకరోజు పక్కన లాంతరు పట్టుకుని ఉన్న నేను ఉండబట్టలేక చెప్పాను. "మా తాతయ్య కూడా ఇదే పని చేసేవాడు."

పెద్దాయన సుత్తి ఆగింది.

నెల్లూరు దగ్గర బిట్రగుంట లోకో షెడ్డు గురించి చెప్పాను. తాతయ్య అక్కడ బాయిలర్ మేకరు. రిటైరయ్యాక కావలిలో ఇల్లు కట్టుకున్నాడు. వేసవిలో సంతకు పోతే అమ్మ నీళ్లకుండ ఏరుకునేది. తాతయ్య దాన్ని ఎడమచేతి మీద పెట్టుకుని వేలి కణుపుతో తట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. "ఇది వద్దమ్మా, కడుపులో బీట ఉంది" అనేవాడు. కుమ్మరి ఒట్టుపెట్టుకున్నా వినేవాడు కాదు. ఒక్కసారి కూడా ఆయన మాట తప్పలేదు.

"ఆయన సుత్తి ఉందా?" అన్నాడు పెద్దాయన.

"ఉంది. ఇంటి దగ్గర అటక మీద గోనెసంచిలో. పిడి మీద ఆయన బొటనవేలు ఆనించే చోట గుంట పడిపోయింది."

పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, మూలనున్న ఒక స్టే చుట్టూ సున్నా చుట్టాడు.

"దీన్ని నేను ముట్టుకోను. మీ తాత సుత్తి తెప్పించు. ఈ ఒక్కటీ దాంతో నువ్వు తట్టాలి. అది విన్నాకే బాయిలర్ మూస్తాం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గర తెల్లవారే వేళ చూసుకుని అమ్మకు ఫోన్ చేశాను. సెటిల్, కార్లైల్, సుద్దతో గీసిన సున్నా, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తాతయ్య సుత్తిని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి కొరియరులో పంపమన్నాను.

అవతల కాసేపు మాట లేదు.

"అటక మీద సంచిలో ఉండిందే, ఆ సుత్తా నాయనా?"

"అదేనమ్మా."

"కావలి ఇల్లు అమ్మి నెల్లూరు ఫ్లాటుకు వచ్చేటప్పుడు, సామానంతా నీకు వీడియోలో చూపించినాను గదా. 'ఆ తుప్పంతా ఎవరు మోస్తారమ్మా, పాత ఇనుము వాడికి వేసెయ్' అంటివి. వేసేసినాం."

నా నోట మాట రాలేదు. అమ్మే మళ్లీ అందుకుంది.

"సంచంతా తూకం వేసి నూట నలభై ఇచ్చినాడు. మీ తాత కష్టం గదా, ఆ డబ్బు వాడుకోను నాకు మనసు రాలేదు. నువ్వు దేశంకాని దేశంలో చల్లగా ఉండాలని నీ పేరు చెప్పి హుండీలో వేసినాను నాయనా."