జూలై ఒకటిన పుట్టినవాళ్లం

మా తరంలో సగం మంది జూలై 1నే పుట్టారు. నమ్మకం లేకపోతే ఏ పెన్షనర్ల సంఘానికైనా వెళ్లి రిజిస్టరు తిరగేయండి. నన్ను బడిలో వేసిననాడు హెడ్మాస్టరు గారు "పిల్లాడు ఎప్పుడు పుట్టాడమ్మా?" అని అడిగితే మా నాయనమ్మ "బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు బాబూ, నందన నామ సంవత్సరం, శ్రావణ బహుళ విదియ, తెల్లారగట్ట" అని జాతకమంతా ఏకరువు పెట్టింది. ఆయన వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, ఐదేళ్లు నిండటానికి ఇంకా నెల పైన ఉందే అని సణుక్కుని, 1-7-1952 అని రాసేశాడు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే నెల పెద్దయ్యాను. దాని ఫలితం ఉద్యోగం చివర్లో తెలిసింది. ఒకటో తారీకున పుట్టినవాడు సర్కారు లెక్కలో అంతకు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. అందుకని 2010 జూన్ 30 సాయంత్రమే నాకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు.

ఇక జూలై 1న నా ఫోను గోల చూడాలి. బ్యాంకు శుభాకాంక్షలు చెబుతుంది. బీమా కంపెనీ చెబుతుంది. ఎప్పుడో కళ్లజోడు చేయించుకున్న షాపు కూడా ఆప్యాయంగా "డియర్ కస్టమర్" అంటుంది. మా వాకర్స్ గ్రూపులో ఆ రోజు పుట్టినవాళ్లే ఎక్కువ కాబట్టి అందరూ అందరికీ చెప్పుకుంటారు. ఒకే గులాబీ, దాని మీద ఒకే మంచు బిందువు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఈ ఫోను నుంచి ఆ ఫోనుకు తిరుగుతూ ఉంటుంది. పక్క వీధిలో ఉన్నవాడు కూడా గులాబీ పంపి ఊరుకుంటాడు గానీ గుమ్మం దాకా రాడు.

మా రోజుల్లో మనిషి తనంతట తాను చేసుకోలేని పనులు రెండుండేవి. ఇవాళ నా పుట్టినరోజహో అని తనే చాటుకోవడం ఒకటి, తన ఫొటో తనే తీసుకోవడం ఇంకోటి. రెండూ స్నేహితుడు చెయ్యాల్సినవే. ఆ రెండు ఉద్యోగాలూ ఇప్పుడు ఫోనుకిచ్చేశారు. నా గొణుగుడంతా దాని గురించే.

పుట్టినరోజంటే అప్పట్లో పెద్ద తతంగమేమీ లేదు. పొద్దున్నే అమ్మ తలంటిపోసేది, కొత్త చొక్కాకు కాలరు దగ్గర పసుపు బొట్టు పెట్టి తొడిగేది, మధ్యాహ్నం పరమాన్నం. మనం కాలేజీకి వెళ్లి నోరెత్తకుండా కూర్చునేవాళ్లం. చెప్పుకుంటే నామోషీ. కానీ పక్క బెంచీవాడి కన్ను ఆ పసుపు మరక మీద పడేది. "ఏరా, ఇవాళేనా?" అని మెడ వంచి కాలరు పట్టి చూసేవాడు. అంతే, సాయంత్రం గుంటూరు శంకర్ విలాస్ సెంటరు దాకా నడిపించి, నా జేబులోంచే డబ్బులు తీసి, నలుగురికీ మిరపకాయ బజ్జీలు తినిపించేవాడు. దండగ నాదే, పండగ వాళ్లది. అయినా చూసి పట్టుకున్నది ఒక మనిషి.

ఇప్పుడు చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. పైన పుట్టినరోజు జరుపుకుంటున్న అన్న, కింద రెండు వరుసల్లో పాస్‌పోర్టు సైజు తమ్ముళ్లు. ఇంట్లో అయితే కేకు తినరు, మొహానికి పూస్తారు. దీపం వెలిగించాల్సిన రోజున ఊది ఆర్పడం ఏమిటని నేనంటే, కోడలు "మామయ్యగారూ, అది కొవ్వొత్తి" అంటుంది. సరే, దీని గురించి అందరూ రాసేశారు, నేను వదిలేస్తున్నాను.

ఫొటోల సంగతి మాత్రం వదలను. 1970 ప్రాంతంలో మా బ్యాచిలో ఒకడి దగ్గర వాళ్లన్నయ్యది ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. 120 రీలు, పన్నెండంటే పన్నెండు బొమ్మలు. వెనక చిన్న ఎర్ర గాజు కిటికీ, అందులో అంకె కనపడేదాకా మీట తిప్పాలి. తిప్పడం మరిచిపోతే ఒకడి మీద ఇంకొకడు పడేవాడు. కొండవీటి మెట్ల మీద నేను కూర్చున్న ఫొటోలో నా పొట్టలోంచి ఎవరిదో సైకిలు బయటికొస్తూ ఉంటుంది, అలా వచ్చిందే. ఎండ తీసేవాడి వీపు మీద పడాలి, కాబట్టి మా అందరి కళ్లూ చికిలించి ఉండేవి. పదడుగుల దూరానికి తగ్గితే మొహం అలుక్కుపోతుంది, అందుకని మావాడు అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచేవాడు. "కదలకండి, కళ్లార్పకండి" అని అరిచేవాడు. రీలు పూర్తయ్యేదాకా ఆగి, అరండల్‌పేటలో స్టూడియోకిచ్చి కడిగించి, ప్రింట్లు వేయించి తెచ్చేటప్పటికి వారం. ఎవడు కళ్లు మూశాడో అప్పుడు గానీ తెలియదు.

ఆ పదడుగుల దగ్గరే ఉంది అసలు కిటుకు. చెయ్యి చాచి సెల్ఫీ తీసుకుంటే లెన్సు ముక్కుకు మరీ దగ్గరౌతుంది, ముక్కు ఊరంత పెరిగి చెవులు వెనక్కి పోతాయి. ఎంత ఖరీదైన ఫోనైనా అంతే, దూరం చేసే పని అది. నలుగురూ మనల్ని చూసే దూరం నుంచి తీస్తేనే మొహం మొహంలా వస్తుంది. అంత పొడుగు చెయ్యి దేవుడు ఎవరికీ ఇవ్వలేదు. అవతల ఇంకో మనిషి నిలబడాల్సిందే.

అప్పటి క్లిక్ త్రీవాడే ఇప్పుడు మా గ్రూపు ఫొటోగ్రాఫరు. రిటైరయ్యాక కొన్నాళ్లు ఊరికే కూర్చుని, ఎనభై మూడు రెట్లు దగ్గరికి లాగే నికాన్ కెమెరా ఒకటి కొన్నాడు. కొనగానే ఉప్పలపాడు చెరువు మీద పడ్డాడు. గుంటూరుకు దగ్గరే కదా, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తుమ్మచెట్ల నిండా గూళ్లు కట్టుకుని ఉంటాయి. వెళ్లిన ప్రతిసారీ ఒకే గూడబాతును నలభై ఫొటోలు తీసుకొచ్చి, ఎన్టీఆర్ స్టేడియం అరుగు మీద మమ్మల్ని కూలేసి, ఒక్కోదానికీ తేడా చెప్పేవాడు. గూడబాతుకు కూడా అంత తేడా తెలిసి ఉండదు. ఆ రోజుల్లో పన్నెండుతో సరిపెట్టుకున్నవాడు!

పక్షుల నుంచి మా మీదికి ఎందుకు మళ్లాడంటే, గ్రూపులో ఒకాయన పోయాడు. పెద్దకర్మ నాటి ఫ్లెక్సీ మీద ఆధార్ కార్డు ఫొటో వేశారు. ఆధార్ ఫొటోలో ఎవరైనా పోలీసులు పట్టుకొచ్చినట్టే ఉంటారు, దాన్ని ఆరడుగులు చేస్తే ఇంకేముంది. ఇంట్లో ఎంత వెతికినా ఆయన ఒక్కడే ఉన్న ఫొటో దొరకలేదట. ఫోన్ల నిండా వేలకొద్దీ ఉన్నాయి, అన్నీ మనవళ్లవే. ఈయన ఉన్నచోట సగం భుజం, లేదా కేకు వెనక నుదురు. తిరుగుదారిలో మావాడు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మాత్రం గ్రూపులో ఒక్కొక్కరినీ పక్కకు లాగి అడిగాడు: "నీ అసలు పుట్టినరోజు ఎప్పుడు? జూలై ఒకటి కాదు, ఇంటిది చెప్పు."

అప్పటి నుంచీ వాడి దగ్గరో గంటల పంచాంగం, దాని అంచుల్లో మా పేర్లు. ఎవరి తిథి వస్తే వాళ్ల ఇంటికి పొద్దున ఏడింటికల్లా కెమెరాతో దిగుతాడు. ఫోనుకు తారీకులే తెలుసు, తిథులు వీడికి తెలుసు. ఉత్తరం వైపు వరండాయో, కిటికీయో చూసుకుని కుర్చీ వేయిస్తాడు. ఫ్లాష్ వెయ్యడు. తీసిన వాటిలో ఒకటే ఉంచి మిగతావి అక్కడికక్కడే చెరిపేస్తాడు. ఆ ఒక్కదాన్ని ప్రింటు వేయించి ఇస్తాడు, వాట్సాప్‌లో పంపడు. పంపితే ఫొటో పిప్పైపోతుందంటాడు. లాబ్‌లో కుర్రాడు "నంబరుకి పెట్టెయ్యండి అంకుల్" అంటే వినకుండా కెమెరాలోంచి కార్డు పీకి ఇస్తాడు. మొదట్లో లాబ్‌వాళ్లు మా బట్టతలలు కోసేశారు. కెమెరా బొమ్మ నాలుగుకు మూడు పాళ్లు, ప్రింటు కాగితం ఆరుకు నాలుగు. ఆ తేడా ఎక్కడో ఒకచోట తెగాలిగా, తలల దగ్గర తెగింది. ఇప్పుడు కెమెరాలోనే మూడుకు రెండు పాళ్లు పెట్టుకుని తీస్తున్నాడు.

నా ఫొటో బాగానే వచ్చింది. దండకు పనికొస్తుందిరా అన్నాను. ముందు నువ్వు చూసుకో, దండ సంగతి వాళ్లు చూసుకుంటారన్నాడు.

2023లో మాత్రం మా ఇద్దరికీ చెడింది. ఆ ఏడు అధిక శ్రావణం. శ్రావణ బహుళ విదియ ఆగస్టు మొదట్లో ఒకటి, సెప్టెంబరు మొదట్లో ఒకటి. ముందొచ్చినదాన్ని వదులుకోవడం ఎందుకని నేను గడ్డం గీసుకుని కూర్చుంటే రాలేదు. "శుభకార్యం నిజమాసంలోనేరా" అని ఫోను పెట్టేశాడు. ఫొటో శుభకార్యమెప్పుడైందో నాకు తెలియదు.

వాడికి ఫొటోగ్రఫీ పుట్టినరోజు కూడా ఉంది, ఆగస్టు 19. 1839లో ఆ రోజున డాగెర్ అనే ఆయన ఫొటో తీసే పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించారట. ఆ ఉదయం వాకింగయ్యాక అందరికీ కాఫీలు పోయిస్తాడు. పుస్తకం తిరగేస్తే నియెప్స్ అనే ఆయన 1820ల్లోనే తన కిటికీలోంచి ఫొటో తీసేశాడని ఉంది. అంటే దానిదీ మనలాగా హెడ్మాస్టరు రాసిన పుట్టినరోజేనన్నమాట. ఆ మాటే అన్నాను. కాఫీ తాగడం మాత్రం మానలేదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది పెన్షను కోసం ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపించుకునేటప్పుడు. జీవన్ ప్రమాణ్ అట. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే, ఫోను ముందు మొహం పెట్టమంటారు. మొహం పెడితే అది "కళ్లార్పండి" అంటుంది. ఆర్పకపోతే నేను మనిషినో, మనిషి ఫొటోనో దానికి తెలియదట. యాభై ఏళ్లు స్టూడియోల్లో, పెళ్లి పందిళ్లలో కళ్లార్పకండి, కళ్లార్పకండి అని తిట్లు తిని, బిగబట్టి, నీళ్లు కార్చుకుని నేర్చుకున్న విద్య అంతా పాయె. మొదటిసారి నేను అలవాటు కొద్దీ గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. మనవడు "తాతయ్యా, ఆర్పు, ఆర్పు!" అని గోల.

2026లో జ్యేష్ఠాలు రెండు. మా ఫొటోగ్రాఫరు పుట్టింది జ్యేష్ఠంలో. వాడి పాలసీ ప్రకారమే నిజ జ్యేష్ఠం దాకా ఆగమన్నాను, నోరు మెదపలేదు. అందరివీ తీశాడు గానీ వాడిది మాత్రం ఎవరూ తియ్యలేదు. ఒకసారి టైమరు పెట్టుకుని కుర్చీ దగ్గరికి పరుగెత్తబోతే మోకాలు పట్టేసింది, వచ్చింది ఖాళీ కుర్చీ ఫొటో. కెమెరా ఎవరి చేతికీ ఇవ్వడు. చివరికి బతిమాలగా నాకు ఒప్పుకున్నాడు. అన్నీ వాడే సరిచేసి ఇస్తాడట, నేను నొక్కితే చాలట. దానికి రిహార్సల్ అని స్టేడియంలో అరగంట పాఠం చెప్పాడు. మోచేతులు ఒంటికి ఆన్చాలి, మీట సగం నొక్కి ఆగాలి, అప్పుడు ఊపిరి బిగబట్టి పూర్తిగా నొక్కాలి. డెబ్భై దాటి, రెండు స్టెంట్లు వేయించుకున్నవాణ్ణి ఊపిరి బిగబట్టమనే స్నేహితుణ్ణి ఇంకెక్కడా చూడలేదు నేను.